ఓనరు వేషం

మార్చి 3

ఇవాళ లాండ్రీకి కార్మిక శాఖ సారు వచ్చాడు. సన్నటి మనిషి, జేబులో రెండు పెన్నులు. ఎవరినైనా పలకరించే ముందే క్షమించమన్నట్టు నవ్వుతాడు. షిఫ్టు మారేటప్పుడు అందరినీ మడత హాల్లో కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇకమీదట సమ్మెలూ కొట్లాటలూ వద్దని ప్రభుత్వం అనుకుంటోందట. యాజమాన్యమూ యూనియనూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, బేరమాడుకుని, ఒప్పందం రాసుకోవాలట. దాని పేరు సమష్టి బేరసారాలు. అలా రాసుకున్న లాండ్రీలకే వచ్చే ఏడాది నుంచి ప్రభుత్వాసుపత్రుల దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు దక్కుతుందట. అందుకే కాబోలు మేనేజరు మాకు కుర్చీలు వేయించాడు. నేను చేరాక మాకు ఇక్కడ కుర్చీలు వేయడం ఇదే మొదలు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వాడు. “పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంట. చూస్తూ ఉండు” అన్నాడు.

“అడగందే అమ్మయినా పెట్టదు” అన్నాను.

“అడిగితే మేనేజరు పెడతాడా?”

ఈయనకి అన్నిట్లోనూ పుల్ల విరుపే. బస్సు డిపోలో ఇంజన్ల కింద పడుకుని పడుకుని లోకాన్నంతా కింద నుంచే చూస్తాడు.

మార్చి 5

మా యూనియన్ ప్రెసిడెంటు బాయిలరు దగ్గర పనిచేస్తాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి అందరికీ వినపడవనుకుని అరుస్తాడు. ఇవాళ ఆయన అరుపుల మధ్య డిమాండ్లు మూడు తేలాయి. ఒకటి జీతం. రెండు, జబ్బు చేస్తే సెలవు. మూడోది ఇస్త్రీ రోలరు గురించి, అది పెట్టించింది నేను.

రోలరు దగ్గర నేనూ చిన్నదీ జంట. అది నా తోడికోడలు. ఇంట్లో ఒకే పొయ్యి, ఇక్కడ ఒకే రోలరు. మా ఇద్దరికీ పడదని చెప్పుకోవాలని వీధిలో వాళ్లకి మహా ఉబలాటం. పోట్లాడుకునే తీరిక మాకేదీ? తడి దుప్పటి చెరో కొసా పట్టుకుని, చాచి, ఆ కాలే రోలరు నోటికి అందించాలి. నోటి ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి దానికి తగిలితే మెషిన్ టక్కున ఆగిపోతుంది. మంచిదే. కానీ దుప్పటి మడత తగిలినా ఆగుతుంది, నీళ్లు చిమ్మినా ఆగుతుంది. అన్నిసార్లు ఆగితే రోజుకిన్ని దుప్పట్లన్న లెక్క పూర్తవదు. లెక్క పూర్తవకపోతే ఆ వారం బోనసు ఉండదు. అందుకని కడ్డీని పైకెత్తి కట్టేస్తాం. ప్రతి రోలరు దగ్గరా ఇదే పద్ధతి. పొద్దున్నే చిన్నది ట్రాలీ తోసుకొచ్చేలోగా నేను చిరిగిన దుప్పటి నీలం అంచు ముక్కతో రెండు ముడులు వేసేస్తాను. సూపర్‌వైజరు చూస్తాడు, గోడ వైపు తిరుగుతాడు. చూడకపోవడానికే ఆయనకి జీతం.

రోలరు వేగం తగ్గించాలి, లెక్క తగ్గించాలి, అప్పుడు కడ్డీ దాని పని అది చేసుకుంటుంది. ఇదీ మూడోది. “ఇది ఒప్పుకుంటే చాలక్కా, మిగతావి ఇవ్వకపోయినా పర్లేదు” అంది చిన్నది. దానికి ఆ రోలరంటే మొదటినుంచీ భయం.

మార్చి 9

ఇవాళ రాయాల్సింది చాలా ఉంది. కడుపుబ్బ నవ్వి నవ్వి ఇంకా డొక్కలు నొప్పిగా ఉన్నాయి.

అసలు బేరానికి ముందు రెండు పక్షాలకూ శిక్షణ ఇవ్వాలట. సారు దానికో ఆట పెట్టాడు. మేనేజరూ ఆఫీసు వాళ్లూ కార్మికులుగా, మేము యాజమాన్యంగా కూర్చోవాలి. ఎదుటివాడి కుర్చీలో కూర్చుంటే ఎదుటివాడి కష్టం తెలుస్తుందని ప్రభుత్వం నమ్మకం. “ఓనరుగా ఎవరు?” అన్నాడు సారు. హాలంతా ఒక్కసారిగా నన్ను ముందుకి తోసింది. భోజనాల వేళ మేనేజరు నడకా, గొంతు సవరించుకోవడమూ చేసి చూపించేది నేనే కదా. చిన్నది మాత్రం లేదు. రోలరు ఆపడానికి వీల్లేదని దాన్నీ ఇంకొకామెనీ అక్కడే ఉంచేశారు.

కాలు మీద కాలు వేసుకున్నాను. సారు పెన్ను అడిగి తీసుకుని వేళ్ల మధ్య తిప్పడం మొదలుపెట్టాను. అప్పుడే సగం మంది పగలబడి నవ్వారు. జీతం సంగతి వస్తే “నాకు మాత్రం మిగులుతోందా” అని కళ్లు తుడుచుకున్నాను. సెలవు సంగతి వస్తే “జబ్బు ముందే చెప్పి రావాలమ్మా” అన్నాను. మేనేజరు కూడా నవ్వాడు. ఆయన కార్మికుడి వేషంలో చేతులు కట్టుకుని, గొంతు నీరసంగా పెట్టి మూడోది చదివాడు. “అయ్యా, మా చేతులు పోతాయండీ.”

నాకు పూనకం వచ్చినట్టయింది. “చేతులకి కడ్డీ పెట్టించాను కదమ్మా! ఆ కడ్డీని రోజూ పొద్దున్నే గుడ్డముక్కతో కట్టేసేది ఎవరు? నేనా? మా ఆవిడా? కట్టేదీ మీరే, చేతులు పోతాయని ఏడ్చేదీ మీరే. ఇంక నేనెవరికి చెప్పుకోను?”

హాలు దద్దరిల్లింది. మేనేజరు జవాబు చెప్పలేకపోయాడు. జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నాడు. నా మాట నచ్చి రాసుకుంటున్నాడనుకుని ఇంకో రెండు చేర్చాను. నీలం అంచు ముక్కలు అవసరమైతే నేనే ఉచితంగా ఇస్తాననీ, రెండు ముడులు వేయడానికి శిక్షణ కూడా పెట్టిస్తాననీ.

“ఎదుటివాళ్ల వాదన తెలుసుకోవడమంటే ఇదీ” అని సారు చప్పట్లు కొట్టించాడు.

బయటికొస్తుంటే ప్రెసిడెంటు నా పక్కన నడిచాడు. అరవలేదు. అదే వింతగా అనిపించింది. “నోరు జారావు తల్లీ.”

“ఆటే కదన్నా” అన్నాను.

ఆట కాకపోతే మరేమిటి?

మార్చి 10

అందరూ ఓనరమ్మా అని పిలుస్తున్నారు. బాగానే ఉంది, అబద్ధమెందుకు.

మార్చి 17

అసలు బేరం ఇవాళ. బల్లకి అటు నలుగురు, ఇటు నలుగురు, కొసన సారు. యూనియన్ తరఫున నేనూ ఉన్నాను.

జీతం కొంచెం పెంచడానికి ఒప్పుకున్నారు. జబ్బు సెలవూ ఇచ్చారు. అంత తేలిగ్గా వచ్చేసరికి మాకే నమ్మకం కుదరలేదు. మూడోది ప్రెసిడెంటు చదివాడు. మేనేజరు కాలు మీద కాలు వేసుకుని, పెన్ను తిప్పుతూ అన్నాడు, “చేతులకి కడ్డీ పెట్టించాను కదండీ. రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డముక్కతో కట్టేసేది ఎవరు? నేనా?”

నా మాటలే. నా విరుపుతో సహా.

ఎవరూ నవ్వలేదు. మా నలుగురిలో ఒక్కరూ నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. నా మాటకి నేనేం జవాబు చెప్పను? ఆ రోజు ఆటలో ఎవరైనా జవాబు చెప్పి ఉంటే ఇవాళ దాన్నే అప్పజెప్పేదాన్ని.

మూడోది కొట్టేశారు. దాని చోట ఇంకో షరతు వచ్చింది. యంత్రం దగ్గర రక్షణ ఏర్పాటును తప్పించిన కార్మికులే దాని ఫలితానికి బాధ్యులు. సారు దాన్ని రెండుసార్లు చదివాడు. ఏదో అనబోయి గోడ గడియారం చూశాడు. నెలాఖరులోగా ఆయన పైవాళ్లకి ఒక సంతకం చేసిన ఒప్పందం చూపించాలి. మేనేజరుకి కాంట్రాక్టు కావాలి. మాకు జీతం కావాలి. అందరికీ ఏదో ఒకటి కావాలి కాబట్టి అందరం సంతకాలు పెట్టాం.

ఫొటో తీశారు. “ఓనరమ్మని ముందుకి రానివ్వండి” అన్నాడు మేనేజరు. వెళ్లాను.

మార్చి 18

చిన్నదానికి నిన్న చెప్పలేదు, ఇవాళ టీ తాగేటప్పుడు చెప్పాను. మూడోది పోయిందన్నాను, ఎందుకు పోయిందో చెప్పలేదు. “సర్లే అక్కా, జీతం పెరిగిందిగా” అని గ్లాసు కడుక్కుంది.

మార్చి 20

సూపర్‌వైజరు మొన్న అందరికీ చెప్పాడు. కడ్డీ కట్టకూడదు, లెక్క తగ్గకూడదు. రెండూ ఒక్క నోటితోనే చెప్పాడు. నిన్న కట్టకుండా చేశాం. మెషిన్ ముసలి గాడిదలాగా అడుగడుక్కీ ఆగింది. సగం ట్రాలీ మిగిలిపోయింది. వారం బోనసు పోతుందని పక్క రోలరు వాళ్లు గొణిగారు. ఇవాళ మళ్లీ అందరూ కట్టారు.

సూపర్‌వైజరు గోడ వైపు తిరిగాడు.

మార్చి 26

చిన్నది

మార్చి 28

దుప్పటి కొస మడత పడింది. సరిచేద్దామని చిన్నది చెయ్యి చాచింది. తడి గుడ్డ మణికట్టుకి చుట్టుకుంది. కడ్డీ పైన ఉంది, ముడి వేసి ఉంది. నేను ముడి లాగాను. తడిసి బిగుసుకుపోయింది, రాలేదు. గోడ దగ్గరున్న స్విచ్చు దాకా పరిగెత్తాను. పరిగెత్తాననే అనుకుంటున్నాను. ఆ హాలు అంత పొడవుగా ఎప్పుడూ లేదు.

కుడిచెయ్యి. బొటనవేలు తప్ప ఏదీ మిగల్లేదు.

మేం బట్టలు ఉతికే ప్రైవేటు ఆసుపత్రిలోనే చేర్చారు. అక్కడ దానికి పరిచిన దుప్పటికి నీలం అంచు ఉంది. మేం ఉతికిందే. వేరే దుప్పటి పరచమని నర్సుతో గొడవపడ్డాను. అన్నీ అవేనమ్మా అంది.

మరిది లారీ ఎక్కడో దారిలో వదిలేసి వచ్చాడు. వాడు నన్ను ఏమీ అడగలేదు. నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. నాకు వాడి తల మీద చెయ్యి వేయాలనిపించింది, వేయలేకపోయాను.

చేతులు కాలాక అనే సామెత ఒకటి ఉంది. ఇంకెప్పుడూ అననని అనుకున్నాను.

మార్చి 30

ఆ రోజు పొద్దున కడ్డీ ఎవరు కట్టారని అందరూ అడుగుతున్నారు. నాకు గుర్తు లేదు. రోజూ చేసే పని, ఏ రోజుదని గుర్తుంటుంది? రాత్రి షిఫ్టు వాళ్లు కట్టింది అలాగే ఉండిపోయిందేమో. ఎవరైనా కట్టి ఉంటారు.

మార్చి 31

గుర్తు లేదు.

ఏప్రిల్ 1

రాత్రి షిఫ్టు వాళ్లు ఒక్క ముడే వేస్తారు.

నేనే కట్టాను. రెండు ముడులు. జారిపోకూడదని రెండోది కాలు ఆనించి మరీ బిగించాను.

ఏప్రిల్ 3

చిన్నదానికి ఇవాళ కూర్చునే ఓపిక వచ్చింది. చుట్టూ ఎవరూ లేకుండా చూసి, “అక్కా, నిన్న ఆఫీసు నుంచి వచ్చి రాసుకుపోయారు. కడ్డీ నేనే కట్టానని చెప్పేశాను” అంది.

“అదేంటే?”

“నువ్వు కట్టావంటే నిన్ను తీసేస్తారు. నేనెలాగూ ఇంక పనికి రాను. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే పొయ్యి ఎలా వెలుగుతుంది? నువ్వేం మాట్లాడకు.”

వద్దు అని నేను అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది. మంచినీళ్లు కావాలా అని అడిగాను.

ఇంటికొచ్చి ఈయనకి చెప్పాను. చేతుల గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. అది కట్టానంటే దానికి పరిహారం రాదు, సంతకాలు పెట్టిన షరతు అదే. నేను కట్టానంటే దాని తప్పు లేదు కాబట్టి రావచ్చు, నా ఉద్యోగం మాత్రం పోతుంది. ఈయన ఎప్పుడూ ఏదో ఒక పుల్ల విరుస్తాడు కదా, ఇవాళ విరవలేదు. “నీ ఇష్టం” అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 6

ఎల్లుండి విచారణ. కొత్త ఒప్పందం ప్రకారం ఉమ్మడి కమిటీ. మేనేజరు, ప్రెసిడెంటు, సారు.

నా జంటగా కొత్తమ్మాయిని వేశారు. పొద్దున్నే ముక్క పట్టుకొచ్చి, “అక్కా, ఇది ఇక్కడ కట్టాలంట కదా” అంది. నాకు సంబంధం లేనట్టు నిలబడ్డాను. తనే కట్టింది.

ఏప్రిల్ 8

చెప్పాను.

అదే బల్ల, అదే గది. సారు చిన్నది ఇచ్చిన వాంగ్మూలం చదివి, “దీనికి మీరు సాక్షి కదా, నిజమేనా?” అని అడిగాడు. కాదన్నాను. నేనే కట్టాను, రోజూ పొద్దున నేనే కడతాను, రెండు ముడులు వేస్తాను, అది ట్రాలీ తెచ్చేసరికి కట్టి ఉంటుంది అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరగకూడదని పొద్దున్నించీ అనుకుంటూనే ఉన్నాను.

మేనేజరు వెనక్కి వాలాడు. కోప్పడితే తట్టుకునేదాన్ని, జాలిపడ్డాడు. “అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. తోడికోడలి మీద ఈ రోజుల్లో ఇంత ప్రేమ ఎవరికుంటుంది? కానీ మీరెంత బాగా నటిస్తారో ఈ గదిలో ముగ్గురికీ తెలుసు కదా.”

“నటించట్లేదు సార్.”

“ఆ రోజూ అచ్చం ఇలాగే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.”

“ఆ ముడి చూడండి, అంత బిగువుగా వేసేది నేనే, మీకే తెలుస్తుంది.”

ఆ ముక్కని కత్తిరించి ఆ రోజే చెత్తలో పడేశారట. ప్రెసిడెంటు వైపు చూశాను. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని వినపడనట్టు కూర్చున్నాడు. సారు మాత్రం ఎర్రబడ్డాడు. “దెబ్బ తిన్నావిడే స్వయంగా ఒప్పుకున్నాక...” అని ఆగి, పరిహారం రాదని రాసి, పెన్నుకి క్యాప్ పెట్టాడు. కోర్టుకి వెళ్లే హక్కు ఎప్పుడూ ఉంటుందని నెమ్మదిగా చెప్పాడు. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఎంతసేపు నిలబడాలో ఎవరూ చెప్పరు. మొహం ఎలా పెట్టుకుంటే నిజం చెప్పినట్టు ఉంటుందో నాకు ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఇంకో సంగతి కూడా రాయాలి. గది బయటికి రాగానే కాళ్లు తేలికయ్యాయి. ఉద్యోగం పోలేదు, చెప్పాల్సింది చెప్పేశాను. ఆ తేలిక ఎక్కువసేపు లేదు కానీ ఉంది. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఏప్రిల్ 12

గేటు దగ్గర బోర్డు మీద ఒప్పందం ఫొటో అతికించారు. ప్రభుత్వాసుపత్రుల కాంట్రాక్టు వచ్చిందట. ముందు వరసలో నవ్వుతున్నాను.

ఏప్రిల్ 21

సెలవు. చిన్నది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఎడంచేత్తో జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం నేర్చుకుంటోంది. సాయం చేస్తానంటే కసురుతుంది. మధ్యాహ్నం వంటగదిలో కూర్చున్నాం, ఇంట్లో ఇంకెవరూ లేరు.

“అక్కా, నీ ఓనరు వేషం నేనొక్కదాన్నే చూడలేదు. ఓసారి వెయ్యవా?”

“చాల్లే.”

“అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారంట. నాకు నవ్వాలనుంది.”

దానికి అన్నీ తెలుసు. మేనేజరు ఎవరి మాటలు అప్పజెప్పాడో కూడా ఎవరో చెప్పే ఉంటారు. దాని మొహంలో కోపం ఉంటుందేమోనని వెతికాను. కనపడలేదు. కోపం ఉంటే నాకు తేలికయ్యేది.

స్టూలు లాక్కుని కాలు మీద కాలు వేసుకున్నాను. పెన్ను లేదు, గరిటె పట్టుకున్నాను. జీతం గురించి అన్నాను, జబ్బు గురించి అన్నాను. చిన్నది నవ్వింది, నిజంగానే నవ్వింది. ఇంక ఆపుదామనుకున్నాను. “మూడోది?” అంది.

“చేతులకి కడ్డీ పెట్టించాను కదమ్మా” అన్నాను. గొంతు నాది కాదు, ఆ వేషానిదే. “రోజూ పొద్దున్నే దాన్ని కట్టేసేది ఎవరు? నేనా?”

చిన్నది నిటారుగా కూర్చుంది. రెండు చేతులూ బల్ల మీద పెట్టినట్టు పీట మీద పెట్టింది, కట్టు ఉన్నదీ లేనిదీ. మెల్లగా అంది, “మేమే కట్టాం సార్. ఎందుకు కట్టామో అడగండి.”

అంతే. ఆ రోజు హాలు నిండా ఉన్నాం. బేరం రోజు బల్ల దగ్గర నలుగురం ఉన్నాం. ఇంత చిన్న మాట ఒక్కరికీ తోచలేదు. తోచాల్సిన మనిషిని రోలరు దగ్గర ఉంచి వచ్చాం.

“అడగండి సార్” అంది మళ్లీ.

గరిటె కింద పెట్టి దాన్ని పట్టుకుని ఏడ్చాను. వాళ్లు నమ్మని ఏడుపే ఇదీ. అది ఏడవలేదు, ఎడంచేత్తో నా వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఏప్రిల్ 22

పొద్దున్నే కొత్తమ్మాయి నీలం అంచు ముక్క తెచ్చింది. లాక్కుని కొంగున కట్టుకున్నాను. మెషిన్ ఆగింది. మళ్లీ ఆన్ చేశాం. మళ్లీ ఆగింది. భోజనాల వేళకి సగం లెక్క కూడా కాలేదు. సూపర్‌వైజరు వచ్చాడు. ఇవాళ గోడ వైపు తిరగలేదు.

“ఏమ్మా, కడ్డీ ఎందుకు కట్టలేదు?”

ఇన్నాళ్లకి ఒకరు ఎందుకని అడిగారు.

“ఇదే మాట మేనేజరు గారి ముందు అడగండి. సారునీ పిలిపించండి. అందరూ వినేటట్టు అడగండి” అన్నాను. కొత్తమ్మాయి వింటోంది. పక్క రోలరు వాళ్లూ చేతులు ఆపి వింటున్నారు. ఆయన నటిస్తున్నానేమోనని నా మొహంలోకి చూశాడు. ఆఫీసు వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రం గేటు దగ్గర చెప్పారు. రేపటి నుంచి నాకు మురికి బట్టలు ఏరే గది. రోలరు దగ్గర ఈ కొత్తమ్మాయీ, ఇంకో కొత్తమ్మాయీ.

వాళ్లకి ముడి వేయడం ఎవరూ నేర్పకూడదని కోరుకుంటున్నాను. ఎవరో ఒకరు నేర్పుతారు.